పిల్లలకు ఒక వేదిక, వారానికి రెండు పీరియడ్లు: చెన్నై తెలుగు సభలకు, బడులకు బహిరంగ లేఖ

చెన్నైలోని తెలుగు సభలు, సంఘాల కార్యవర్గాలకు,
తెలుగు బోధించే బడులు, కళాశాలల యాజమాన్యాలకు,
తెలుగు పాఠ్యపుస్తకాలు, ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు,

నమస్కారం.

మేము ఉత్తర చెన్నైలో తెలుగు చదువుకుంటున్న పిల్లల తల్లిదండ్రులం, వాళ్లకు సాయంకాలాలు జీతం లేకుండా తెలుగు చెబుతున్న కొద్దిమంది ఉపాధ్యాయులం. నిరుడు ఉగాదికి ముందు మీలో కొందరిని స్వయంగా కలిసి వినతిపత్రం ఇచ్చాం. తెలుగు నాటకాలను పిల్లల చేత ఆడించి, ఆడిన ప్రతి రంగం మీదా చర్చ పెట్టి నేర్పడానికి వారానికి రెండు పీరియడ్లు, ఖాళీగా ఉన్న రోజుల్లో ఒక హాలు ఇవ్వాలని అందులో అడిగాం. కాగితం తీసుకున్నారు, కాఫీ ఇచ్చారు, కార్యవర్గంలో పెడతామన్నారు. ఉగాది వెళ్లింది, దసరా వెళ్లింది, సంక్రాంతి కూడా వెళ్లింది. రాతపూర్వకంగా ఒక్క జవాబూ రాలేదు.

నోటిమాటగా వచ్చిన జవాబులు రెండు. ఒక బడి యాజమాన్యం, కన్యాశుల్కం నాటకంలోని వేశ్య పాత్రను చూపి, ‘మధురవాణి వేషం ఆడపిల్ల చేత వేయిస్తారా?’ అని మమ్మల్నే నిలదీసింది. ఒక సభ వారు పెళ్లిళ్లకు తీసుకునే అద్దె చెప్పి, ముందుగా సగం కట్టమన్నారు. అదే హాల్లో ఆ నెలలోనే ఒక సన్మాన సభ జరిగింది. శాలువాలకేమీ లోటు రాలేదు.

అందుకే ఈ సంగతి అందరి ముందూ పెడుతున్నాం. తెలుగు మీద మీ అభిమానాన్ని శంకించడం లేదు. ఆ అభిమానం సభ ముగిసి దీపాలు ఆర్పాక పిల్లల దాకా రావడం లేదన్నదే మా ఫిర్యాదు.

ఇప్పుడు తరగతిలో నాటకం ఎలా చెబుతున్నారో మీకు తెలియనిది కాదు. నాటక భాగం ఒకటి పాఠంగా వస్తుంది. రాజు మాటలూ భటుడి మాటలూ ఉపాధ్యాయుడే ఒకే గొంతుతో చదువుతారు. తరవాత కవి పరిచయం, కఠిన పదాలకు అర్థాలు, సారాంశం. పరీక్షలో ‘గిరీశం పాత్ర స్వభావం వివరించండి’ అని అడుగుతారు. గైడులో ఉన్న పది వాక్యాలు పిల్లలు అక్షరం పొల్లుపోకుండా దించుతారు, మార్కులు పడతాయి. కన్యాశుల్కంలోని ఆ గిరీశం ఎవరినైనా నవ్వించగలడనీ, ఆ నవ్వుతోనే జేబు కొట్టగలడనీ వాళ్లకు అనుభవంలోకి రాదు. పద్యనాటకం సంగతి ఇంకా అన్యాయం. ‘బావా యెప్పుడు వచ్చితీవు’ పద్యానికి గురులఘువులు గుర్తించి, గణవిభజన చేసి, శార్దూలమని రాసి ఊరుకుంటారు. పాండవోద్యోగం నాటకంలో, యుద్ధానికి సాయం అడగడానికి వచ్చిన దుర్యోధనుడితో, నిద్రలేచిన కృష్ణుడు ఆ మాట అంటున్నాడు. అంతకు ముందే కాళ్లవైపు ఉన్న అర్జునుణ్ణి పలకరించాడు. తలవైపు కూర్చున్నవాణ్ణి రెండోవాడిగా పలకరించడంలో ఉన్న గడుసుతనం కాగితం మీద కనబడదు. మా దగ్గర ఇద్దరు పిల్లలు ఆ పద్యాన్ని ఒకసారి ప్రేమగా, మరోసారి వెటకారంగా పాడారు. రెండిట్లో ఏది కృష్ణుడిదని మిగిలినవాళ్లు గంటసేపు వాదించుకున్నారు. మసజసతతగ అని శార్దూలం గణాల వరస ఎన్నిసార్లు వల్లెవేసినా తలకెక్కని కుర్రవాడికి పద్యం నడక ఆ సాయంకాలం పట్టుబడింది.

ఇది మేము కొత్తగా కనిపెట్టిన పద్ధతి అనుకోకండి. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేతనే నాటకాలు ఆడించారు. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన మొదలైందే బడి పిల్లలతో. ఆ పనినే మనం ఈనాడు బడిలోంచి బయటికి పంపేశాం.

చెన్నపట్నం సంగతి మరీ చెప్పుకోవాలి. ధర్మవరం కృష్ణమాచార్యుల బళ్లారి బృందం, సరస వినోదిని సభ, 1891లో ఇక్కడికి వచ్చి నాటకాలు ఆడింది. ఆ ప్రదర్శనలు చూసి ప్రేరణ పొందిన తమిళ నాటకకర్త పమ్మల్ సంబంధ ముదలియార్ అదే ఏడాది సుగుణ విలాస సభను స్థాపించారు. చదువుకున్నవాళ్లు నాటకం ఆడడం తప్పు కాదన్న భావన తమిళనాట నిలబడడంలో ఆ సభ పాత్ర ఎంతో తమిళ నాటక చరిత్ర తెలిసినవాళ్లంతా ఒప్పుకుంటారు. ‘తెలుగు నాటకం ఇక్కడ ఆడితే ఎవరు చూస్తారు?’ అని మమ్మల్ని అడిగిన పెద్దమనిషి ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే చాలు. ప్రతాపరుద్రీయం రాసిన వేదం వెంకటరాయ శాస్త్రి ఈ ఊళ్లోనే క్రైస్తవ కళాశాలలో పాఠాలు చెప్పారు. గ్రాంథిక భాష కోసం పట్టుబట్టిన ఆ పండితుడే 1897 నాటి ఈ నాటకంలో చాకలి పేరిగాడి చేత పేరిగాడి భాషే మాట్లాడించాడు. పాత్రకు తగిన భాష ఉండాలని ఆయన వాదం. ఆ వాదం మా పిల్లలకు ఎంత అవసరమో కింద రాస్తాం.

ముందు మధురవాణి ఆక్షేపణకు జవాబు చెప్పాలి.

కన్యాశుల్కం మొదటి అంకంలో మధురవాణి ఇంటి రంగాన్ని మా పిల్లలు ఆడారు. నాలుగు బల్లలు దగ్గరికి జరిపితే మంచం అయింది. గిరీశం రావడంతో రామప్పంతులు దాని కింద దూరాడు. వెనకే పూటకూళ్లమ్మ చీపురుకట్ట పట్టుకుని రావడంతో గిరీశం కూడా దాని కిందే దూరాడు. చీపురుదెబ్బ రామప్పంతులుకు తగిలింది, గిరీశం జారుకున్నాడు. అందరూ పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. నవ్వు తగ్గాక పూటకూళ్లమ్మ వేషం వేసిన అమ్మాయి, చీపురు ఇంకా చేతిలోనే ఉంది, ఒక ప్రశ్న వేసింది: ‘సార్, నాకు కోపం ఎందుకొచ్చింది? వాడు ఇంకొకామె ఇంటికి వెళ్లినందుకా, నా డబ్బు పోయినందుకా?’

పుస్తకం తిరగేశారు. సంతలో సామాను కొనిపెడతానని చెప్పి పూటకూళ్లమ్మ దగ్గర 20 రూపాయలు పట్టుకెళ్లి మధురవాణి కింద ఖర్చుపెట్టానని గిరీశమే మొదటి రంగంలో, బొంకులదిబ్బ మీద, తనతో తాను చెప్పుకుంటాడు. పరాయివాళ్లకు అన్నం వండిపెట్టి బతికే వితంతువు డబ్బు అది. వితంతు వివాహాల మీద ఉపన్యాసాలిచ్చేదీ ఆ గిరీశమే. ‘మరి ఆమెను పెళ్లి చేసుకుంటానని ఎందుకు అనడు? ఇంకో వితంతువు బుచ్చమ్మనైతే ఎందుకు చేసుకుంటానంటాడు?’ అని ఒక కుర్రవాడు అడిగాడు. వయసు అని ఒకరన్నారు, ఆస్తి అని మరొకరన్నారు, బుచ్చమ్మకు లోకం తెలియదు కనుక అని ఇంకో అమ్మాయి అంది. గైడులోని పది వాక్యాల్లో ఈ మూడు జవాబుల్లో ఒక్కటీ లేదు.

ఇక మధురవాణి వేశ్య, నిజమే. నాటకంలో అందరికంటే తెలివిగా, కొన్నిచోట్ల అందరికంటే మర్యాదగా నడుచుకునేది కూడా ఆమే. సంస్కర్త సౌజన్యారావు పంతులు అటువంటి స్త్రీల ముఖం చూడనని నియమం పెట్టుకున్నాడు. చివరికి ఆయన ముందుకు వచ్చి చిక్కుముడి విప్పేది ఆమే. ఆ నియమం సరైనదా కాదా అని పదిహేనేళ్ల పిల్లలు మాట్లాడుకోకూడదా? ఫోనులో వాళ్లు ఏమేం చూస్తున్నారో మనకు తెలుసు. గురజాడ ఒక్కడినే గుమ్మంలో ఆపుతున్నాం. అంతగా అభ్యంతరమైతే పైతరగతుల వరకే పరిమితం చేయండి, రంగాలు ఎంచి ఇవ్వండి. మేము కూర్చుని మాట్లాడడానికి సిద్ధం. మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడినవాళ్లే లేరు.

మీరు పట్టించుకోకపోతే నష్టపోయేది ఎవరో, ఏమిటో వరుసగా చెబుతాం.

1. ఈ ఊళ్లో పారిశుధ్య పని చేసే కుటుంబాల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. ఆ పిల్లలు మా దగ్గర చదువుకుంటున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వీధిలో తమిళం మాట్లాడతారు, రెండూ కలిసిన మాట సహజంగా వస్తుంది. తెలుగు తరగతిలో నోరు విప్పితే ‘అది తెలుగా?’ అన్న మాట వినబడుతుంది. దాంతో మళ్లీ నోరు విప్పరు. నాటకం తెచ్చాక మొదటిసారి వాళ్ల భాష అక్కరకొచ్చింది. కన్యాశుల్కంలో పనివాడు అసిరిగాడు పండితుడిలా మాట్లాడడు, ప్రతాపరుద్రీయంలో పేరిగాడూ మాట్లాడడు. అలాంటి పాత్రకు ఆ భాషే తగినదని సాక్షాత్తూ వేదం వెంకటరాయ శాస్త్రే వాదించారని చెబితే, వెనక బల్ల మీద కూర్చునే ఒక అబ్బాయి పేరిగాడి వేషం తానే వేస్తానన్నాడు. ఇప్పుడు ‘అది తెలుగా?’ అని అడిగితే వాడి దగ్గర జవాబుంది. ఈ అవకాశం తీసేస్తే ఆ పిల్లలు తెలుగు మానేస్తారు. మానేసిన వాళ్లు కొందరు మా వీధుల్లోనే ఉన్నారు.

2. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో రాష్ట్రంలో ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళం తప్పనిసరి అయింది, తెలుగు ఐచ్ఛికంగా మిగిలింది. తమిళం మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. మా పిల్లలు చక్కగా చదువుకుంటున్నారు, ఇక్కడే బతకాలి కూడా. కానీ ఐచ్ఛికమన్నాక తల్లిదండ్రులు లెక్క చూసుకుంటారు. ఆటో నడిపే తండ్రి, ఇళ్లలో పనిచేసే తల్లి ‘ఇంకో పరీక్ష ఎందుకు?’ అని అడిగితే గణవిభజన పేరు చెప్పి నిలబెట్టలేం. తమ పిల్ల నలుగురి ముందు నిలబడి గట్టిగా, తడబడకుండా మాట్లాడడం చూసిన తల్లి మాత్రం ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. తరగతిలో పిల్లల సంఖ్య తగ్గితే ముందు పోయేది ఉపాధ్యాయుడి పోస్టు. తరవాత తెలుగు సెక్షనే పోతుంది.

3. చర్చ లేని చోట పిల్లలకు రెండే తెలుస్తాయి, దండం పెట్టడం, తిట్టడం. చింతామణి నాటకాన్ని 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు చేసిన ఫిర్యాదు దానికి కారణం. ఆ బాధను తేలిగ్గా తీసుకోమని మేము అనం. కాళ్లకూరి నారాయణరావు రాసినదేమిటి, తరవాతి కాలంలో చప్పట్ల కోసం నటులు చేర్చినదేమిటి అని మూలాన్నీ ప్రదర్శననూ పక్కపక్కన పెట్టి చూసేది ఎవరు? కళాశాల విద్యార్థులకు ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది? ఆయనే రాసిన వరవిక్రయం కట్నం మీద నాటకం. అది మా పిల్లల అక్కల పెళ్లిళ్ల సంగతి, ఎవరికీ పాతబడలేదు.

4. పద్యం పాడి చూపగల పెద్దలు, హార్మోనియం మీద శ్రుతి పట్టి నేర్పగలవాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు. పిలిచేవాళ్లు లేరు. ఉగాదికి ఒక శాలువా కప్పి పంపిస్తున్నారు.

5. చరిత్ర, లెక్కలు కూడా నష్టపోతున్నాయంటే నవ్వకండి. కన్యాశుల్కం మొదటి కూర్పుకు గురజాడ రాసిన పీఠికలో, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో నమోదైన శుల్క వివాహాలు, అంటే ఆడపిల్లకు డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు, 1,034 అని ఉంది. వాటిలో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ అంకెలు పలకమీద రాసి, ముసలివాడికి కట్టబెట్టబోయిన చిన్నపిల్ల సుబ్బి వేషం వేసిన ఎనిమిదో తరగతి పిల్లను ‘ఇందులో నువ్వెక్కడ?’ అని అడిగాం. ఆ పిల్ల కూడిక చేసింది. అయిదేళ్లూ అంతకు తక్కువా వయసున్న వాళ్లు 188 మంది. తాను అందరికంటే పెద్దదాన్నని అంది. ఆ రోజు చర్చ ఇంటిదాకా వెళ్లింది. మర్నాడు ఒక నాయనమ్మ తన పెళ్లి ఏ వయసులో జరిగిందో చెప్పడానికి స్వయంగా వచ్చింది.

ఖర్చు మాట మాటిమాటికీ వస్తోంది కాబట్టి అదీ తేల్చుకుందాం. తెరలు, దీపాలు, కిరీటాలు మేము అడగలేదు. బల్లలు, ఒక ఉత్తరీయం, ఒక చీపురుకట్ట చాలు. నాటకాల హక్కులకు పైసా కట్టనక్కరలేదు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన 60 ఏళ్లకు హక్కులు ముగిసిపోతాయి. ధర్మవరం వారు 1912లో, గురజాడ 1915లో, కాళ్లకూరి 1927లో, వేదం వారు 1929లో గతించారు. వీళ్ల నాటకాలన్నీ ప్రజల సొత్తు. ఎవరైనా అచ్చువేసుకోవచ్చు, ఆడుకోవచ్చు. ఉపాధ్యాయులకు నటన రాదన్నది మరో అడ్డంకి. రానక్కరలేదు. వాళ్లు పాత్రలు పంచి, పక్కకు తప్పుకుని, చివర ప్రశ్నలు అడిగితే చాలు. తప్పుకోవడమే కష్టమని మాలో ఉన్న ఉపాధ్యాయులకు తెలుసు.

మేము అడుగుతున్నవి ఇవి.

1. తెలుగు బోధించే ప్రతి బడిలోనూ ఎనిమిదో తరగతి నుంచి వారానికి రెండు పీరియడ్లు నాటకానికి కేటాయించాలి. ఒకటి ఆడడానికి, ఒకటి చర్చకు. చర్చ పీరియడును మాత్రం ఎగ్గొట్టవద్దు. అది లేకపోతే ఇది వార్షికోత్సవం ఆటపాటల్లో ఇంకొకటి అవుతుంది.

2. సభల హాళ్లు పెళ్లిళ్లు, కార్యక్రమాలు లేని రోజుల్లో విద్యార్థుల అభ్యాసానికి అద్దె లేకుండా ఇవ్వాలి. కరెంటు ఖర్చు, ఊడ్చే మనిషి కూలి మేము పెట్టుకుంటాం. ఆ హాళ్లలో చాలావాటి కోసం చందాలు ఇచ్చినవాళ్లలో మా తాతలూ ఉన్నారు.

3. ప్రశ్నపత్రం మారాలి. ‘పాత్ర స్వభావం రాయండి’ బదులు ‘ఈ మాట కోపంగా అంటే ఏమవుతుంది, నవ్వుతూ అంటే ఏమవుతుంది?’ అని అడగవచ్చు. వందలో కనీసం 20 మార్కులు ప్రదర్శనకు, చర్చలో పాల్గొన్నందుకు ఇవ్వండి. వేషం వేయడానికి బిడియపడే పిల్లలుంటారు. తెర వెనక మాట అందించేవాళ్లకు, రంగం మీద ప్రశ్నలు తయారుచేసేవాళ్లకు అవే మార్కులు రావాలి.

4. కన్యాశుల్కం, ప్రతాపరుద్రీయం, వరవిక్రయం, పాండవోద్యోగ విజయాల నుంచి తలా రెండు మూడు రంగాలు ఎంచి, పాత పదాలకు అర్థాలతో చవక పుస్తకం ఒకటి అచ్చువేయాలి. కుల ప్రస్తావనలు, తిట్లు ఉన్నచోట మాట తీసేయవద్దు. ఆ కాలం ఎలాంటిదో పక్కన రెండు వాక్యాలు రాయండి. ఎంపికకు వేసే సంఘంలో తల్లిదండ్రులకు చోటుండాలి. మా కోరిక ఇంకొకటి, ఒక తమిళ ఉపాధ్యాయుడు కూడా ఉండాలి. తమిళ నాటకాలను తమిళ తరగతుల్లో ఇలాగే ఆడిస్తే మా పిల్లలు వాటిలోనూ వేషాలు వేస్తారు.

5. తెలుగు నాటకరంగ దినోత్సవం కందుకూరి పుట్టిన ఏప్రిల్ 16న వస్తుంది. ఇక్కడ అది పరీక్షలకూ సెలవులకూ మధ్య పడి పిల్లలకు పనికిరాదు. కన్యాశుల్కం విజయనగరంలో మొదటిసారి ఆడింది 1892 ఆగస్టు 13న. అందుకని ఏటా ఆగస్టు 13న ఒక సాయంకాలం, ఒక వేదిక విద్యార్థులకు వదిలేయండి. ముఖ్య అతిథుల ఉపన్యాసాలు వద్దు. ప్రదర్శన తరవాత ప్రేక్షకులు ప్రశ్నలడుగుతారు, పిల్లలు జవాబు చెబుతారు. అతిథులు వస్తామంటే ముందు వరసలో కూర్చుని ప్రశ్నలడగవచ్చు.

6. ఈ లేఖకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. బడులు జూన్‌లో తెరుస్తారు. ఆగస్టు 13కు అభ్యాసం అప్పుడే మొదలుపెట్టాలి. కాబట్టి మే నెలాఖరులోగా అవునో కాదో చెప్పండి. కాదంటే కారణం రాయండి, దాన్ని తల్లిదండ్రులకు చదివి వినిపిస్తాం. జవాబే రాకపోతే మా వీధిలోని సామూహిక భవనం మెట్ల మీద ఆ రోజు నాటకం ఆడతాం. మీ అందరికీ ఆహ్వానాలు పంపుతాం.

ఇట్లు,
తెలుగు విద్యార్థుల తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు
ఉత్తర చెన్నై